పరసకు పోయి గుర్రం కొనకుండా రావడమనే విద్య

అరవై నాలుగు కళలను ఓపికగా లెక్కపెట్టిన పెద్దలు, గుర్రాల సంతకు పోయి, జేబులోని డబ్బు జేబులోనే ఉంచుకొని, వెంట గుర్రమేదీ లేకుండా ఇంటికి తిరిగి రావడమనే విద్యను ఆ జాబితాలో ఎందుకు చేర్చలేదో నాకు బోధపడదు. బహుశా ఆ విద్య వారికి పట్టుబడి ఉండదు. గుర్రమెక్కి యుద్ధం గెలిచినవాడికి శాసనం ఉంది, గుర్రం మీద నుంచి పడి చచ్చినవాడికి వీరగల్లు ఉంది, గుర్రం కొని అప్పులపాలైనవాడికి కనీసం ఊళ్ళో నాలుగు సామెతలున్నాయి. గుర్రం కొనకుండా నిలదొక్కుకున్నవాడికి మాత్రం ఒక పద్యమైనా లేదు.

అట్లాగని ఈ విద్యను సాధన చేసేవారు దేశంలో కొరవడలేదు. 2019 నాటి 20వ పశుగణన ప్రకారం దేశం మొత్తం మీద గుర్రాలూ తట్టువులూ కలిపి సుమారు 3.4 లక్షలు, 2012 లెక్కతో పోలిస్తే ఇది 45 శాతానికి పైగా తరుగుదల. ఈ అంకెను చూసినవారు అయ్యో గుర్రమా అంటారే గాని, పైసా ప్రతిఫలం ఆశించకుండా, సభలూ ఊరేగింపులూ లేకుండా, సంత తర్వాత సంతలో గుర్రాలను కొనకుండా నిలబడిన కోట్లాది సామాన్యుల కృషిని తలచుకున్న పాపాన పోరు. ఈ లోటును తీర్చడానికే ఈ వ్యాసం.

గుర్రం ముందు మనిషి ఎంత బలహీనుడో తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు, చంద్రగిరి దాకా పోతే చాలును. అక్కడి కోట నుంచి ఈ ప్రాంతాన్ని ఏలి, 1485లో విజయనగర సింహాసనమెక్కిన సాళువ నరసింహరాయలు గుర్రాల విషయంలో చూపిన ధారాళాన్ని నూనిజ్ అనే పోర్చుగీసువాడు రాసిపెట్టాడు. హొర్ముజు నుంచీ ఏడెన్ నుంచీ ఓడల మీద గుర్రాలను తెచ్చిన వర్తకులకు రాయలవారు అడిగినంతా ఇచ్చేవారట. వెయ్యి వరహాలకు మూడు గుర్రాల లెక్కన, బతికి వచ్చినవాటినీ చచ్చినవాటినీ ఒకే ధరకు కొనేవారట. దారిలో సముద్రం మీద చచ్చిన గుర్రానికి తోక ఒక్కటి తెచ్చి చూపిస్తే చాలు, బతికున్న గుర్రానికి ఇచ్చినట్టే లెక్కకట్టి ఇచ్చేవారట. ఈ మాట రాసిన నూనిజ్ కూడా గుర్రాల వ్యాపారే అన్నది పాఠకులు గుర్తుంచుకోవాలి; కొన్న రాజుగారి గొప్పతనాన్ని అమ్మినవాడు పొగడటంలో వింతేమీ లేదు. శత్రువు చేతికి గుర్రాలు చిక్కకుండా చేసిన రాజనీతి ఇది అని సమర్థించేవారున్నారు. సమర్థించవచ్చు. ఖజానా ఉన్నవాడు తోకను కొంటే రాజనీతి, నెలజీతగాడు కొంటే ఇంట్లో రాద్ధాంతం.

తోకల ప్రస్తావన వచ్చింది కాబట్టి వినతాదేవిని తలచుకోకుండా ముందుకు పోవడం న్యాయం కాదు. భారతం ఆదిపర్వంలో ఆమె చేసిన నేరమల్లా సముద్రతీరాన ఉచ్చైశ్రవమనే గుర్రాన్ని చూసి ఒళ్ళంతా తెలుపే అనడం. కాదు, తోక నలుపు అని దాస్యం పందెం కాసింది సవతి కద్రువ. పాములైన తన కొడుకుల్లో ఒకణ్ణి ఆ తోకకు వేలాడదీసి నలుపు చేయించింది, వినత దాసి అయింది. గమనించవలసిందేమంటే వినత ఆ గుర్రాన్ని కొనలేదు, ధర అడగలేదు, పళ్ళు చూడలేదు; దూరం నుంచి చూసి ఒక అభిప్రాయం చెప్పింది, అంతే. అంతమాత్రానికే దాస్యం పట్టుకుంటే, దగ్గరకు పోయి జూలు నిమిరినవాడి గతి ఏమిటో పాఠకులే ఊహించుకోవాలి.

అంతదాకా ఎందుకు, కొండమీది స్వామికే తప్పలేదు. వేటకని గుర్రమెక్కి నారాయణవనం తోటలోకి వచ్చిన శ్రీనివాసుని మీద పద్మావతి చెలికత్తెలు రాళ్ళు రువ్వగా, గుర్రం కూలిపోయి, స్వామి కాలినడకన కొండకు మళ్ళిన కథ తిరుపతిలో పుట్టిన పిల్లలకు ఉగ్గుతోనే పడుతుంది. ఆ పెళ్ళికి కుబేరుని దగ్గర చేసిన అప్పూ, నేటికీ తీరని ఆ వడ్డీ సంగతీ హుండీ ముందు నిలబడిన ప్రతి భక్తునికీ తెలిసినవే. కథను సరిగ్గా చదివితే గుర్రం ఎక్కడానికీ అప్పు పుట్టడానికీ మధ్య పట్టిన వ్యవధి బహు తక్కువ. ఈ విషయంలో లోకజ్ఞానం చూపినవాడు నకులుడు ఒక్కడే అని నా అభిప్రాయం: అశ్వశాస్త్రం ఆపోశన పట్టిన ఆ రాజకుమారుడు విరాటుని కొలువుకు పోయి, పరాయివాడి గుర్రాలను పరాయివాడి దాణాతో సాకి, జీతం తీసుకున్నాడు.

ఇన్ని నిదర్శనాలు తెలిసి కూడా, మా ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి కొసన, పలమనేరు దాటిన తర్వాత వచ్చే ఒక ఊరి పశువుల పరసకు నేను పోవలసి వచ్చింది. ఊరి పేరు చెప్పను. చెబితే పాఠకులు పోతారు, పోతే కొంటారు, ఆ పాపం నాకెందుకు. పశువుల ఆస్పత్రిలో చిరకాలం పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మా బావమరిది ఒక పాడి ఆవును చూసుకోవాలని బయలుదేరుతూ, తోడు రమ్మన్నాడు. తోడు పోవడం మాత్రమే నా పని.

చిత్తూరు సీమలో పశువుల పరస అంటే అది ప్రధానంగా ఆర్థికశాస్త్ర సభ. మా జిల్లాలో నాలుగు కాళ్ళున్న ప్రతి జీవమూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పాలకేంద్రానికి లెక్క చెప్పవలసిందే. ఎన్ని లీటర్లు, వెన్న ఎంత, ఎన్నో ఈత, చూలు ఎన్ని నెలలు అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పలేని జంతువుకు ఇక్కడ గౌరవం లేదు. వానలు మొండిచెయ్యి చూపి చెనక్కాయ పంట ఎండిపోయిన ఏట ఇంటిల్లిపాదినీ ఆదుకునేది కొట్టంలో కట్టేసిన ఆవే కాబట్టి, ఈ ప్రశ్నలు అడిగేవారి ముఖాలలో నవ్వు కూడా ఉండదు. కొమ్ములకు రంగు పూసిన ఎద్దులు, ముకుతాళ్ళు, మువ్వల పట్టెడలు, షామియానా కింద రాగిసంగటీ నాటుకోడి పులుసూ, మైకులో తప్పిపోయిన దూడ గురించిన ప్రకటన, వీటన్నిటి మధ్యా సాగేది లీటర్ల చర్చే.

ఆ చింతతోపు చివర, చెరువుకట్ట నీడన, ఏ లీటరుకూ జవాబుదారీ కాని కొన్ని ప్రాణులు నిలబడి ఉన్నాయి. కృష్ణగిరి వైపు నుంచీ, సేలం వైపు నుంచీ వ్యాపారులు తోలుకొచ్చిన గుర్రాలవి. కొన్ని ఈరోడు జిల్లా అంతియూరులో ఆడి నెలలో జరిగే గురునాథస్వామి తిరునాళ్ళలో కొన్నవని చెప్పారు. పాలివ్వవు, దున్నవు, ఈ రోజుల్లో బరువు కూడా లాగవు. పనికివచ్చే పశువుల నడుమ వాటి నిలకడ చూస్తే, కలెక్టరాఫీసు మెట్ల మీద నిలబడిన సంస్థానాధీశుని మనవడు గుర్తుకొచ్చాడు.

వాటిలో ఒక ఎర్రని ఆడగుర్రం ఉంది. దాని చెవుల కొనలు లోపలికి తిరిగి, నిక్కబొడిచినప్పుడు ఒకదానికొకటి తగులుతున్నాయి. అది మార్వాడీ జాతి లక్షణమట. దాని భుజం మీద ఈగ వాలింది. ఈగ వాలిన బెత్తెడు చోట మాత్రం చర్మం జలజలమని వణికి ఈగను లేపేసింది. మిగతా ఒళ్ళంతా ఏమీ జరగనట్టే ఉంది. ఇంత పొదుపుగా పని చేసే అధికారిని నా ఉద్యోగ జీవితంలో చూడలేదు. వ్యాపారి నా అరచేతిలో బెల్లంముక్క పెట్టాడు. అది పళ్ళు తగలకుండా, పెదవులతోనే, వెచ్చని ఊపిరి వదులుతూ బెల్లాన్ని ఏరుకొని, ఆ తర్వాత బెల్లం లేని అరచేతిని కూడా మర్యాదకని మరొకసారి తడిమింది. కంటిపాప అడ్డంగా, కోలగా ఉంది. ముక్కు ముందూ తోక వెనకా కాస్తంత చోటు తప్ప చుట్టూ ఉన్న లోకమంతా గుర్రానికి ఒక్కసారే కనిపిస్తుందని మా బావమరిది చెప్పాడు. అంటే నా జేబు ఏ వైపున ఉన్నా దానికి కనిపిస్తూనే ఉంది.

నిగ్రహం ముచ్చట దగ్గర చెడదు, లెక్క దగ్గర చెడుతుంది. గుర్రాన్ని చూసి బాగుందనుకున్నవాడు ఇంటికి పోగలడు. దాన్ని పోషించడం సాధ్యమా అని మనసులో లెక్క మొదలుపెట్టినవాడు పోలేడు, ఎందుకంటే ఆ లెక్కను వేసేవాడూ దిద్దేవాడూ మార్కులు ఇచ్చేవాడూ ఒకడే.

మేముండేది తిరుపతిలో, ఒక అపార్టుమెంటు మూడో అంతస్తులో. మా లిఫ్టులో ఆరుగురు లేదా 408 కిలోలు అని పలక ఉంది. ఈ రకం గుర్రం 350 నుంచి 450 కిలోల దాకా తూగుతుంది. చూడబోతే ఇది కాస్త చిక్కి ఉంది కాబట్టి 380కి మించదు. ఇంకా 28 కిలోలు మిగిలాయి కాబట్టి మా చిన్నవాడు కళ్ళెం పట్టుకొని దానితోపాటే ఎక్కవచ్చు. బరువు విషయంలో అసోసియేషన్ వారు నోరెత్తడానికి లేదు. పొడవు సంగతి పలక మీద రాయలేదు. గుర్రం నిలబడే కునుకు తీయగలదు కాబట్టి పడకగది అడగదు. మోటారు వాహనాల చట్టం యంత్రంతో నడిచే బండికే గాని ప్రాణంతో నడిచేదానికి వర్తించదు కాబట్టి రిజిస్ట్రేషన్ లేదు, కాలుష్య ధ్రువపత్రం లేదు, హెల్మెట్ లేదు. లీలామహల్ కూడలిలో సాయంత్రం పూట కారు నడిచే వేగానికీ గుర్రం నిద్రలో నడిచే వేగానికీ తేడా ఉంటుందని ఎవరూ నిరూపించలేరు. పైగా పెళ్ళికొడుకును గుర్రం మీద ఊరేగించే వేడుక మన వైపుకూ వచ్చింది. ముహూర్తాల నెలల్లో అద్దెకిస్తే దాని దాణా అదే సంపాదించుకుంటుంది. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవనీ, ఆషాఢంలో కూడా గుర్రానికి ఆకలి వేస్తుందనీ ఆ క్షణంలో నాకు తట్టకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఇటువంటి లెక్కలలో తిథివారాలు చూడరు.

మా బావమరిది వేసిన లెక్క వేరు. అంత ఒళ్ళున్న గుర్రానికి రోజుకు ఏడెనిమిది కిలోల మేతా దాణా, ముప్పై నలభై లీటర్ల నీళ్ళు కావాలి. తిరుపతి ఎండల్లో మేము ట్యాంకరు నీళ్ళ కోసం బిందెలు పట్టుకొని నిలబడే వరుసలో గుర్రానికి కూడా ఒక చోటు కేటాయించాలన్నమాట. పేడ రోజుకు పదిహేను ఇరవై కిలోలు. మేడ మీది తులసి కుండీకి అంత ఎరువు అవసరం లేదు. ఆరేడు వారాలకొకసారి డెక్కలు చెక్కించాలి, లాడాలు మార్పించాలి. దాణాగా ఉలవలు నానబెట్టి పెట్టాలి. మా ఇంట్లో ఉలవచారుకు ఉన్న ఆదరణ దృష్ట్యా ఈ విషయంలో గుర్రానికీ నాకూ స్నేహం నిలుస్తుందన్న నమ్మకం అతనికి లేదు. అన్నిటికన్న ముఖ్యం, గుర్రానికి వాంతి చేసుకునే శక్తి ప్రకృతి ఇవ్వలేదు. అందుకే కడుపునొప్పి వచ్చిందంటే ప్రాణం మీదికి వస్తుంది. లోపలికి పోయినది తిరిగి రాకపోవడమన్నది గుర్రం కడుపుకే గాక దాని కోసం తీసిన డబ్బుకు కూడా వర్తించే నియమమని నేను తర్వాత రాసుకున్నాను.

వ్యాపారి వయసు మళ్ళినవాడు, నెమ్మదస్తుడు, అమ్మడానికి ఏమాత్రం తొందరపడనివాడు. ఈ తొందరపడకపోవడమే అతని వృత్తిలోని మొదటి ఆయుధం.

"ఐదేండ్లు సామీ. పంచకల్యాణి. కంటి కింద సుడి లేదు, గొంతు కింద దేవమణి ఉండాది. ఇట్లాంటిది ఇంటికొస్తే లచ్చిందేవి వొచ్చినట్టే," అన్నాడు.

సుళ్ళ శాస్త్రం తెలియనివారి కోసం ఒక మాట. గుర్రం ఒంటి మీద వెంట్రుకలు తిరిగిన చోటును బట్టి యజమాని జాతకం చెబుతారు. గొంతు మీద దేవమణి ఉంటే సిరి, కంటి కింద సుడి ఉంటే యజమానికి కన్నీళ్ళు. నెలాఖరున దాణా కొట్టువాడిచ్చే చీటీ ఉండగా కన్నీళ్ళకు ప్రత్యేకంగా ఒక సుడి ఎందుకో నాకు తెలియదు గాని, లేదని విని ఊరట కలిగిన మాట వాస్తవం.

మా బావమరిది మాత్రం సుడి జోలికి పోకుండా నేరుగా నోటి దగ్గరకు పోయాడు. నాలుకను ఒక పక్కకు పట్టి, పెదవి ఎత్తి, చాలాసేపు చూశాడు. గుర్రానికి ఐదేళ్ళు వచ్చేసరికి పాలపళ్ళన్నీ రాలి నోరు నిండుతుంది. అటుపైన కింది ముందుపళ్ళలోని నల్లని గుంటలు ఏటికేడు అరిగి, ఎనిమిదేళ్ళ ప్రాంతానికి దాదాపు పూడిపోతాయి. పదేళ్ళప్పుడు పైదవడలోని మూలపన్ను మీద, చిగురు దగ్గర, చిన్న గీత ఒకటి మొదలై, పదిహేనేళ్ళకు సగం పన్ను దాకా, ఇరవయ్యేళ్ళకు కొస దాకా దిగుతుంది. గుంటలను పదునైన ఇనుముతో తిరిగి తొలిచి, కాల్చి నలుపు చేసి వయసు తగ్గించే వ్యాపారులు లోకంలో ఉన్నారు గాని, ఆ గీతను వెనక్కి లాగగలిగినవాడు ఇంకా పుట్టలేదు. గీత సగం పన్ను దాకా వచ్చి ఉంది.

"ఐదేండ్లన్నావే పెద్దాయనా, ఈ గీత ఏమి?" అని అడిగాడు.

వ్యాపారి ఆ పన్నును తానెన్నడూ చూడనట్టు ఆసక్తిగా చూసి, "ఐదే సామీ. పది మీద ఐదు," అన్నాడు.

దీనిని అబద్ధమనడానికి నాకు మనసు ఒప్పలేదు. అతను చెప్పిన ఐదు నిజంగానే ఉంది. దాని ముందున్న పదిని మనం అడగలేదు. మా ఆఫీసులో పదవీ విరమణ దగ్గరపడిన ప్రతివారూ తమ వయసును ఈ పద్ధతిలోనే చెబుతారు.

ఇక పంచకల్యాణి సంగతి. నాలుగు కాళ్ళూ ముఖమూ తెలుపుగా ఉండాలి, ఉన్నాయి. అయితే చెరువు గట్టున తడిగడ్డిలో అది ఒక అడుగు వేసి వెనక్కి వచ్చేసరికి వెనక ఎడమకాలి తెలుపు గడ్డికి అంటుకుంది. మా బావమరిది వంగి, వేలితో రుద్ది, వాసన చూసి, "సున్నం" అన్నాడు. కద్రువ నలుపు చేయిస్తే ఇతను తెలుపు చేశాడు; పద్ధతి పాతదే. నేను వ్యాపారి వైపు చూశాను. అతని ముఖంలో కలవరం వెతికినా లేదు.

"నాలుగు కల్యాణి సామీ. పంచకల్యాణి యాడైనా దొరుకుతాది, ఇది దొరకదు," అన్నాడు.

నిగ్రహ విద్యను అభ్యసించేవారు ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించాలి. గుర్రంలోని లోపం బయటపడితే మోజు తగ్గుతుందనుకోవడం అనుభవం లేనివారి భ్రమ. దాని వయసు పదిహేనని తెలిసినప్పుడు నాకు కలిగినది విరక్తి కాదు, జాలి. కాలికి సున్నం పూశారని తెలిసినప్పుడు కలిగినది కోపం కాదు, దాని తరఫున అభిమానం. లోపమున్న గుర్రం వద్దనుకుంటే దానికి దిక్కెవరన్న ప్రశ్న, దాన్ని పుట్టించినవాడికి గాని పెంచినవాడికి గాని రాక, అరగంట క్రితం పరిచయమైన నాకు వచ్చింది. గుర్రాలు ముప్పై ఏళ్ళ దాకా కూడా బతుకుతాయనీ, అంటే ఇది నేను పింఛను తీసుకునే రోజుల్లో కూడా ఉలవలు తింటుందనీ తెలిసినప్పుడు, ముసలితనానికి ఒక తోడు దొరికిందన్న భావన కలిగింది. ఇట్లాంటి భావనలను పరసలో ఉచితంగా ఇస్తారు.

మా బావమరిది తన పని తాను చేసుకుపోయాడు. గుర్రాన్ని ఇసుకలో కాదు, తారురోడ్డు మీద పరుగెత్తించమన్నాడు. మెత్తని నేల మీద కుంటితనం దాగుతుంది. గట్టి నేల మీద, నొప్పి ఉన్న ముందుకాలు ఆనిన ప్రతిసారీ గుర్రం తల పైకి లేపుతుంది. తల లేవలేదు. రక్తపరీక్ష కాగితం అడిగాడు. గ్లాండర్స్ అనే జబ్బు గుర్రం నుంచి మనిషికి కూడా సోకగలదనీ, జబ్బు తేలితే 2009 నాటి చట్టం కింద ఆ జంతువును చంపివేయవలసి వస్తుందనీ, అందువల్ల కాగితం లేని గుర్రాన్ని ముట్టరాదనీ అతని వాదన. వ్యాపారి సంచిలోంచి కాగితం తీశాడు. కాగితం సరిగ్గానే ఉంది. తోక ఎందుకంత ఠీవిగా ఎత్తి పట్టిందని అనుమానించి, అల్లం సంగతి కూడా విచారించాడు. అల్లం ఎక్కడ పెడితే ముసలి గుర్రం తోక ఎత్తుతుందో ఇక్కడ వివరించడం మర్యాద కాదు. అదీ లేదు. వయసూ సున్నమూ తప్ప గుర్రం నిక్షేపంగా ఉందని తేల్చి, అతను బీడీ ముట్టించుకున్నాడు. నా న్యాయవాది ఎదుటి పక్షానికి ధ్రువపత్రం ఇచ్చినట్టయింది.

అప్పుడు దళారి రంగప్రవేశం చేశాడు. "ఏమన్నా, నచ్చిందా" అంటూనే భుజం మీది తువ్వాలు తీసి నా చేతి మీద కప్పి, దాని కింద తన చెయ్యి పెట్టాడు. మన పరసలలో ధరను నోటితో చెప్పడం అనాగరికం. తువ్వాలు కింద వేళ్ళు పట్టి నొక్కితే లక్షలూ వేలూ అటూ ఇటూ తెలుస్తాయి, పక్కనున్నవాడికి తెలియదు. ప్రభుత్వ టెండర్లలో పారదర్శకత గురించి మాట్లాడేవారు ఈ తువ్వాలును ఒకసారి పరిశీలించాలి, కనీసం ఇందులో బేరమాడుతున్న ఇద్దరికైనా ధర తెలుస్తుంది. నా విషయంలో ఒక్కడికే తెలిసింది. నాకు ఆ భాష రాదు. ఏ వేలు కదిపితే ఏ లక్షకు ఒప్పుకున్నట్టవుతుందోనన్న భయంతో చేతిని కర్రలా బిగించి ఉంచాను. దళారి నా ముఖంలోకి చూశాడు, రెండు వేళ్ళు వదిలి మళ్ళీ పట్టాడు, నిట్టూర్చాడు, వ్యాపారి దగ్గరకు పోయి చెవిలో ఏదో చెప్పి వచ్చాడు, మళ్ళీ పట్టాడు. నేను కదలలేదు. చెమట పట్టింది అతనికి.

"గట్టోడివన్నా నువ్వు. రెండు లచ్చలకు మొదులుపెడితే లచ్చా ఇరవైకి తెచ్చినావు," అన్నాడు చివరకు, అందరికీ వినబడేట్టు.

చుట్టూ చేరినవారు నన్ను గౌరవంగా చూశారు. మా బావమరిది కూడా చూశాడు. నోరు విప్పకుండా, వేలు కదపకుండా ఎనభై వేలు తగ్గించిన మనిషి ఆ గుర్రాన్ని కొనకుండా పోవడమంటే, ఆ ఎనభై వేలనూ చేజేతులా పారవేసుకోవడమే గదా అన్న వాదన నాలో బయలుదేరింది. మిగిలిన లక్షా ఇరవై వేలు నేను ఇచ్చేవి గదా అన్న ప్రతివాదన చేయడానికి నాలో ఎవరూ మిగల్లేదు. ఇంతకన్నా ప్రమాదకరమైన క్షణం సంతలో మరొకటి రాదు. నిగ్రహ విద్యలోని బ్రహ్మాస్త్రాన్ని ఇక్కడే ప్రయోగించాలి, ముందు ప్రయోగిస్తే వృథా అవుతుంది.

"ఇంట్లో ఒక మాట అడిగి చెప్తాను," అన్నాను.

తెలుగు గృహస్థుడు తరతరాలుగా సానపట్టిన ఈ వాక్యానికి సాటి వచ్చేది లేదు. ఇందులో కాదనడం లేదు, అవుననడం లేదు. అన్నవాడి పరువు పోదు, విన్నవాడి ఆశ పోదు. బీమా ఏజెంటు నుంచి ప్లాట్ల వ్యాపారి దాకా దీనిని ఎదుర్కొనలేక వెనుదిరిగినవారే. పరసలో గుర్రం అమ్ముకొనే పెద్దాయన మాత్రం, "దానికేమి సామీ, ఇప్పుడే అడుగు, నేనే మాట్లాడతా అక్కతో," అని చెయ్యి చాచాడు.

ఫోన్ కలిపి ఇవ్వక తప్పలేదు. అతను తలపాగా సర్దుకొని, ఫోన్‌ను రెండు చేతులా పట్టుకొని, ఆవిడ ఎదుటే ఉన్నట్టు కాస్త వంగి, గుర్రాన్ని వర్ణించాడు. చెవులు వర్ణించాడు, దేవమణిని వర్ణించాడు, నాలుగు కల్యాణిని వర్ణించాడు, నా బేరంలోని నేర్పును కూడా ఒకటి రెండు మాటల్లో మెచ్చుకున్నాడు. అవతల మా ఆవిడ పుట్టింది పుంగనూరు దగ్గర పల్లెలో, పాలకేంద్రం లెక్కల మధ్య. ఓపికగా అంతా విని, ఒక్క ప్రశ్న వేసింది. స్పీకరు పెట్టకపోయినా అందరికీ వినబడింది.

"అంతా బాగుందిలే పెద్దాయనా, పూటకెన్ని లీటర్లు?"

నలభై ఏళ్ళుగా గుర్రాలమ్మిన మనిషి నోట మొట్టమొదటిసారి మాట తడబడటం నేను చూశాను. వయసు అడిగితే జవాబుంది, సున్నం అడిగితే జవాబుంది, తోక అడిగినా ఉండేది. "గుర్రమక్కా ఇది," అన్నాడు. "అదే అడుగుతుండా, ఎన్ని లీటర్లు," అంది మా ఆవిడ. దళారి తువ్వాలును దులిపి భుజాన వేసుకున్నాడు. చుట్టూ చేరిన రైతులు, ఇంతసేపూ తాము అడగవలసిన ప్రశ్నను ఎవరో దూరం నుంచి అడిగినందుకు తృప్తిపడి, ఎద్దుల వైపు నడిచారు.

వ్యాపారి ఫోన్‌ను నాకు తిరిగి ఇస్తూ కాసేపు ఆలోచించాడు. తర్వాత గొంతు తగ్గించి, తన తమ్ముడి దగ్గర పుంగనూరు ఆవు ఒకటి ఉందనీ, చింతతోపుకు అవతలి పక్కన కట్టేశాడనీ, లీటర్లు తక్కువే అయినా వెన్న దండిగా ఉంటుందనీ, అక్కకు ఆ మాట చెప్పి చూడమనీ అన్నాడు. ఈ వ్యాసం పరిధి గుర్రాలకే పరిమితం కాబట్టి ఆ తర్వాతి సంగతులు ఇక్కడ అప్రస్తుతం. పుంగనూరు ఆవు ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లే ఉంటుందనీ, బరువు 200 కిలోలు దాటదనీ, అందువల్ల మా లిఫ్టులో దానితోపాటు మరో ముగ్గురికి చోటుంటుందనీ మాత్రం అసోసియేషన్ వారికి రాతపూర్వకంగా తెలియజేశాను.